ద్రాక్షతోటలు లేని రుచియాత్ర

మా బావమరిది నిరుడు ఇటలీ వెళ్లొచ్చాడు. టస్కనీలో ఐదు రోజుల వైన్ టూర్. సీసా తెచ్చాడేమోనని ఆశగా చూస్తే, చేతిలో మడతలు పడ్డ కాగితం పెట్టాడు. "చూడు బావా, ఎంత పకడ్బందీగా వేశారో!" అన్నాడు. ఏ రోజు ఏ తోట, ఎన్నింటికి చేరాలి, మధ్యాహ్నం భోజనం ఎక్కడ, ఎవరు బండి నడుపుతారు, ముందు ఏది తాగాలి, చివర ఏది కొనాలి, అన్నీ అందులో ఉన్నాయి.

చదువుతుంటే నాకు ఇటలీ కనిపించలేదు. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా ఉన్న నల్లరేగడి నేల కనిపించింది. తమిళులు దాన్ని కరిసల్ అంటారు. అక్కడ ద్రాక్ష పండదు. కానీ నేలనూ నీళ్లనూ బట్టి ఊరికో రుచి ఉంది. ఆ రుచులను వెతుక్కుంటూ వెళ్లేవాడికి ప్రతి మలుపులో తెలుగు తగులుతుంది. ఇటలీ కాగితం ముందేసుకుని నేను మూడు రోజుల ప్రయాణం వేశాను. ఆ ప్రయాణంలో ఏరుకొచ్చిన విశేషాలివి.

ఒకే రోడ్డు

హైదరాబాద్‌లో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై మీదుగా పోతూ ఉంటే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి అదే రోడ్డు మీద వరసగా వస్తాయి. రమారమి 1,100 కిలోమీటర్లు. అంత ఓపిక లేనివాళ్లు మదురైకి విమానంలో దిగి అక్కడ కారు మాట్లాడుకోవచ్చు. విరుదునగర్ గంటలోపే. రైలైతే మదురై నుంచి తిరునెల్వేలి వెళ్లే పెద్ద లైను మీదే మూడు ఊళ్లూ ఉన్నాయి.

డ్రైవర్ సంగతి

ఇటలీలో లీటరు రక్తంలో అర గ్రాము ఆల్కహాల్ దాటితే బండి నడపకూడదు. మూడు తోటల్లో మూడేసి గ్లాసులు రుచి చూసినవాడు స్టీరింగ్ పట్టుకోలేడు కాబట్టి గైడు, వ్యాను, డ్రైవరు పుట్టుకొచ్చారు. రుచి నిపుణులైతే గ్లాసులోది నోట్లో పుక్కిలించి, పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారు. తాగడానికి డబ్బిచ్చి ఉమ్మేయడం ఏమిటని మా బావమరిది మొదటి రోజు బాధపడ్డాడట. రెండో రోజు తోటకల్లా తెలిసొచ్చిందట.

కరిసల్ యాత్రలో ఉమ్మే సౌకర్యం లేదు. సేవు, మిఠాయి, పరోటా, కోవా అన్నీ కడుపులోకే పోతాయి. అందుకే ఇటలీ కాగితంలోని లెక్క ఇక్కడా పనికొస్తుంది. రోజుకు రెండు చోట్లు, మహా అయితే మూడు. నాలుగోది పెట్టుకుంటే దాని రుచి నాలుకకు తెలియదు.

ముందు దొర గీత గీశాడు, తర్వాత చట్టం

ఫలానా ఊరి సరుకు అనే పేరు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చెల్లుతుందో గీత గీయడం కొత్త ఆలోచన కాదు. 1716లో టస్కనీ ప్రభువు మూడో కోజిమో కియాంతితో పాటు మరో మూడు ప్రాంతాల వైనుకు హద్దులు చెబుతూ శాసనం వేయించాడు. మన దేశంలో ఆ పని చేసే భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది, 2003లో అమలైంది. దాని కిందే తిరుపతి లడ్డూకు 2009లో గుర్తింపు దొరికింది. శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవాకు 2019లో, కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో వచ్చింది. ఒకదానికొకటి పొద్దుటిపూట కారు ప్రయాణమంత దూరంలో ఉన్న రెండు మిఠాయిలకు ఏడాది తేడాతో పేరు ఖరారైందన్నమాట. నా ప్రయాణానికి వెన్నెముక ఈ రెండే.

కడలై మిఠాయి, దగ్గరగా

మనం పల్లీ పట్టీ అంటాం, చిక్కీ అంటాం. అనంతపురం మనిషి ఇది చదువుతుంటే "మా బుడ్డల ముందు అవేం లెక్క" అనుకుంటూ ఉంటాడు. అనుకోనివ్వండి. నేనూ అలాగే అనుకుని వెళ్లినవాణ్నే.

కోవిల్‌పట్టిలో చూసిందిది. వేయించిన వేరుశనగల పొట్టు ఊది, బద్దలు చేసి గుట్టగా పోశారు. పక్కన పెద్ద మూకుడులో బెల్లం పాకం ఉడుకుతోంది. వంటవాడు చెంచాడు పాకాన్ని నీళ్లలో వేసి, బయటికి తీసి, మూకుడు అంచుకేసి కొట్టాడు. టంగుమంది. అప్పుడు పప్పు పోసి నాలుగు తిప్పులు తిప్పి బల్ల మీద కుమ్మరించాడు. ఇద్దరు మనుషులు చెక్క కర్రతో పరిచారు, ఇంకొకతను ఇనప బద్ద పెట్టి గళ్లు గళ్లుగా కోసేశాడు. పాకం దించిన దగ్గర నుంచి ముక్కలయ్యేదాకా పట్టిన సమయం నేను చెప్పులు విప్పి మళ్లీ తొడుక్కున్నంత. ఆలస్యమైతే బద్ద దిగదు, పగులుతుంది. పైన రంగు వేసిన కొబ్బరి కోరు చల్లడం ఆ ఊరి ముద్ర.

ఇప్పుడు చెరకు బెల్లం వాడుతున్నారు. పాత రోజుల్లో తాటిబెల్లంతో చేసేవారు. 1940ల ప్రాంతంలో పొన్నంబల నాడార్ అనే వ్యాపారి చెరకు బెల్లానికి మార్చి కిరాణా కొట్టులో అమ్మడం మొదలుపెట్టాడని ఊళ్లో చెబుతారు. వేరుశనగ చుట్టుపక్కల రేగడిది, బెల్లం తేని వైపుది, నీళ్లు తామ్రపర్ణివి. వైను వాళ్లు నేల రుచి, నేల రుచి అని ఊదరగొట్టేది దీని గురించే. ఒక్క ముక్క నోట్లో వేసుకోండి. మన పట్టీ పంటికి అంటుకుంటుంది, ఇది విరుగుతుంది. అనంతపురం మనిషిని కూడా ఒప్పించే తేడా అది.

ప్లాను విషయానికొస్తే, పాకం పట్టేది చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి. ముందు రోజు ఫోన్ చేసి అడగండి. టస్కనీలో కూడా చెప్పాపెట్టకుండా వెళితే తోట గేటు తీయరు.

సున్నం చేసే పని

కరిసల్‌లో వైనుకు నిజమైన బంధువు తాటిచెట్టు మీద ఉంది. రాత్రి చెట్టుకు కట్టిన కుండ లోపల సున్నం పూస్తే పొద్దుటికి దాంట్లో తీయటి పదనీర్ ఉంటుంది. సున్నం పూయకపోతే అదే చెట్టు, అదే గెల, అదే రాత్రి, కానీ పొద్దుటికి ఉండేది కల్లు. సున్నపు క్షారం ఉన్నచోట పులియబెట్టే సూక్ష్మజీవుల పని సాగదు. ద్రాక్షరసానికీ వైనుకూ మధ్య ఉన్న గోడ కూడా ఇంతే.

తెలంగాణ మిత్రులకు ఒక హెచ్చరిక. తమిళనాడులో 1987 నుంచి కల్లు నిషేధం. తాటిచెట్టు ఆ రాష్ట్ర అధికార వృక్షం, దాని కల్లు మాత్రం నేరం. పదనీర్‌కు అడ్డులేదు. తాటాకు దొన్నెలో పోసి ఇస్తారు, అందులో లేత ముంజ వేయించుకుంటే ఇంకా బాగుంటుంది. సూర్యుడు నెత్తి మీదికి రాకముందే తాగాలి. ఎండెక్కేకొద్దీ సున్నం ఓడిపోతూ ఉంటుంది.

ఏ నెలలో వెళ్లాలి?

ఇది తేలే ప్రశ్న కాదు. పదనీర్ ఎండలు ముదిరేకొద్దీ బాగుంటుంది, మనిషి ఎండలు ముదిరేకొద్దీ పాడైపోతాడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, రేగడి మీద కాలు పెడితే చెప్పు ఊడొస్తుంది. నా సలహా ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదలు. మార్చి నెలాఖరు, ఏప్రిల్‌లలో విరుదునగర్ మారియమ్మన్ పంగుని పొంగల్ వస్తుంది. జాతర చూడాలనుకుంటే అప్పుడే వెళ్లండి, గదులు మాత్రం ముందే మాట్లాడుకోండి.

ఇటలీలోనూ ఇదే చిక్కు. కోతలప్పుడు, అంటే సెప్టెంబరు అక్టోబరుల్లో, తోటలు చూడముచ్చటగా ఉంటాయి, తోటవాళ్లకు మాత్రం మీతో మాట్లాడే తీరిక ఉండదు. అందుకే 1993 నుంచి అక్కడ ఏటా మే చివరి శని, ఆదివారాల్లో నేలమాళిగల తలుపులు జనానికి తెరిచే పండగ పెట్టుకున్నారు.

నూనె మాటలో నెయ్యి

విరుదునగర్‌లో పండేదేమీ లేదు, ధర నిర్ణయించేది మాత్రం అక్కడే అని ఒక నానుడి. పప్పులు, మిరప, నూనెలకు విరుదునగర్ మార్కెట్ ధరలంటూ తమిళ పత్రికలు అచ్చువేస్తాయి. ఇదయం నువ్వుల నూనె ఈ ఊరిదే. నువ్వుల నూనెను తమిళులు నల్లెణ్ణై అంటారు, అంటే మంచి నూనె. మన పెద్దవాళ్లు కూడా మంచినూనె అనేవారు. అసలు తమిళ ఎణ్ణై అంటే ఎళ్లు, అంటే నువ్వుల, నెయ్యి. తెలుగు నూనె కూడా నువ్వు, నెయ్యి కలిసి అరిగిపోయిన మాటే. వేరుశనగ నూనె, పామాయిల్ అన్న ప్రతిసారీ మనం తెలియకుండా నువ్వుల్ని తలుచుకుంటున్నామన్నమాట.

ఈ నూనెల ఊళ్లో పరోటాను కాల్చరు, వేయిస్తారు. పేరే ఎణ్ణై పరోటా. వెడల్పాటి పెనంలో నూనె నిలబెట్టి అందులో పరోటాలు వేస్తారు. అంచు కరకరలాడుతుంది, లోపల పొర మెత్తగా ఉంటుంది. ముక్కలు చేసి ఆకులో వేసి పైన పల్చటి సాల్నా పోస్తారు. బర్మా కడై అనే హోటలు పేరు దీనికి ప్రసిద్ధి. ఇక్కడి వ్యాపారులు ఒకప్పుడు బర్మాతో బేరాలు చేసిన కాలాన్ని గుర్తుచేసే పేరది. పరోటాను సాయంత్రానికి పెట్టుకోండి. ఆ రాత్రికి ఇంకేమీ పెట్టుకోకండి.

ఆకలి సంగతి తెలిసిన ఊరు

తినడానికి వెళ్లిన ఊళ్లోనే ఆకలి గురించి రెండు సంగతులు తెలిశాయి. కామరాజ్ 1903 జూలై 15న ఇక్కడే పుట్టాడు. ఆయన చదివిన క్షత్రియ విద్యాశాల 1889లో మొదలైంది. ఇంటింటా వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు పక్కన పెట్టి, అలా కూడిన బియ్యంతో బడి నడిపారట. ముఖ్యమంత్రి అయ్యాక ఆయన 1956లో బడిపిల్లల మధ్యాహ్న భోజనాన్ని ఎట్టయపురంలో ప్రారంభించాడు. పిడికెడు బియ్యం బళ్లో చదివినవాడు కదా. విరుదునగర్‌లో ఆయన చిన్న ఇల్లు ఇప్పుడు స్మారకం.

రెండోది మనకు ఇంకా దగ్గరగా తగులుతుంది. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని శంకరలింగనార్ ఈ ఊళ్లోనే నిరాహార దీక్షకు కూర్చుని 76 రోజుల తర్వాత 1956 అక్టోబరు 13న ప్రాణం వదిలాడు. పొట్టి శ్రీరాములు పోయి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. పేరు మార్పు 1969లో జరిగింది.

సాత్తూరు ఆగి

విరుదునగర్‌కూ కోవిల్‌పట్టికీ మధ్య సాత్తూరు. ఆగాల్సింది కారసేవు కోసం. మన కారప్పూసకు అన్నలాంటిది, వేలు లావు, మిరప దండిగా. ఈ ఊరు ఒకప్పుడు ఫౌంటెన్ పెన్నుల పాళీలకు కూడా పేరుపడింది. ఇరవై నిమిషాల్లో ముగించండి.

ఒక పల్లె, రెండు అకాడెమీలు

కోవిల్‌పట్టి దాటి దక్షిణానికి పోతే ఇడైసెవల్ అనే పల్లె. తమిళ కథకుడు కు. అళగిరిసామి ఆ ఊరివాడే, 1970లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన చిన్ననాటి స్నేహితుడు కి. రాజనారాయణన్‌దీ అదే ఊరు. ఆయనకు 1991లో వచ్చింది. కి.రా. ఇంట్లో భాష తెలుగు. హైస్కూలు కూడా పూర్తి చేయని రైతు. కరిసల్ మాండలికానికి నిఘంటువు కూర్చాడు, తర్వాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్య పీఠం ఇచ్చింది. తెలుగు నేల వదిలి దక్షిణానికి తరలిపోయిన కుటుంబాల కథే ఆయన గోపల్ల గ్రామం, దాని కొనసాగింపు గోపల్లపురత్తు మక్కళ్. ఆయన 2021 మేలో పోయాడు. కోవిల్‌పట్టిలో ప్రభుత్వం స్మారకం కట్టింది.

వైన్ టూర్‌లో అసలు ధర గైడుది. ఈ దారిలో గైడును వెతికే పని లేదు. మిఠాయి కొట్టులో నేను బావమరిదితో తెలుగులో గొణుగుతుంటే గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన తలెత్తి తెలుగులోనే "ఏ ఊరు మీది?" అన్నాడు. మాట మన మాటే, యాస మాత్రం నాలుగైదు వందల ఏళ్లు విడిగా పెరిగింది. కొట్టు మీద తెలుగులో ఏమైనా రాసుందా అని వెతికితే ఏమీ లేదు. మాట్లాడతారు, చదవరు. అక్షరం తమిళం, ఇల్లు తెలుగు. ఆ తర్వాత ఆయన చెప్పిన దారినే వెళ్లాం. కాగితాన్ని జేబులో పెట్టేశాం.

ఎట్టయపురంలో తెలుగు అచ్చు

కోవిల్‌పట్టికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఎట్టయపురం. సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టిన ఇల్లుంది. ముత్తుస్వామి దీక్షితులు 1835 దీపావళి నాడు కన్నుమూసింది ఇక్కడే, సమాధి ఉంది. జమీందార్లు తెలుగు నాయకులు. దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథాన్ని 1904లో ఈ సంస్థానం అచ్చుకూటంలోనే వేయించాడు. ఏ లిపిలో అనుకుంటున్నారు? తెలుగులో. తమిళ దేశపు నడిబొడ్డున, కర్ణాటక సంగీతానికి ప్రమాణ గ్రంథం, తెలుగు అక్షరాల్లో.

ఇంకా దక్షిణాన కయత్తారు. 1799 అక్టోబరు 16న కట్టబొమ్మన్‌ను ఇంగ్లీషువాళ్లు ఉరితీసిన చోటు. ఆయనదీ తెలుగు ఇల్లే. సమయముంటే కళుగుమలై కూడా చూడండి. ఎనిమిదో శతాబ్దంలో కొండను పైనుంచి కిందికి తొలుస్తూ చెక్కిన వెట్టువాన్ కోవెల అది, సగంలో ఆగిపోయింది.

రాయలవారి భోజన పట్టిక

మూడో రోజు శ్రీవిల్లిపుత్తూరు. తెలుగువాడికి ఈ ఊరి గైడు పుస్తకం అయిదు వందల ఏళ్ల కిందటే తయారైంది. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథ నడిచేది ఈ ఊళ్లోనే. విష్ణుచిత్తుడి ఇల్లు, గోదాదేవి తోట, ఆమె ముడిచి విడిచిన మాల అన్నీ ఇక్కడివే. ఆమె మాల ఇప్పటికీ బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాటికి ఇక్కడి నుంచి తిరుమలకు వెళుతుంది.

ఆ కావ్యంలో నాకు ఇష్టమైనది వేరే. విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏం వడ్డించాడో రాయలు పద్దు రాసినట్టు రాశాడు. వానాకాలం తడి కట్టెలు అంటుకోవు కాబట్టి, ఇల్లాలి కళ్లలో పొగ పడకుండా కొబ్బరి చిప్పలతో వంట. పప్పు, నాలుగైదు వేపుళ్లు, వడియాలు, వరుగులు, పెరుగు. ఎండాకాలం తియ్యచారు, మజ్జిగ, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు. చలికాలం మిరియపు ఘాటు కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్లు, చేయి కాలే నెయ్యి, బాగా ఇవురగాచిన పాలు. రాజు రాసిన కావ్యంలో పొగ గొట్టిన ఇల్లాలి కళ్ల మీద జాలి ఉండటం నాకు ప్రతిసారీ ముచ్చటేస్తుంది. ఋతువుకు తగ్గ వడ్డన, వంటవాడి కష్టం రెండూ తెలిసినవాడే మంచి గైడు. రాయల కంటే మంచి గైడు దొరకడు.

ఆ ఇవురగాచిన పాలకు తమ్ముడు పాల్‌కోవా. ఆవుపాలు, పంచదార, అంతే సరుకు. పాలు అడుగంటకుండా తిప్పుతూ ఇవరనిస్తే పలుకుపలుకుగా దగ్గరపడుతుంది. గుడి బయట వీధిలో వేడిగా ఆకులో పెట్టించుకుని అక్కడే తినండి. ఊరి పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం కూడా చేసి అమ్ముతుంది. మరో పన్నెండు కిలోమీటర్లు పోతే రాజపాళయం, తెలుగు రాజుల ఊరు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన కుమారస్వామిరాజా అక్కడివాడే.

ద్రాక్షే కావాలంటే

మరీ పట్టుబడితే పశ్చిమంగా తేని దాటి కంబం లోయకు వెళ్లండి. అక్కడి పన్నీరు ద్రాక్షకు 2023లో గుర్తింపు వచ్చింది. ఒక ఫ్రెంచి మతగురువు 1832లో తెచ్చి నాటాడంటారు. అది వేరే యాత్ర.

మూట కట్టే వరస

పాల్‌కోవా ఆఖరి రోజు కొనండి, చేతి సంచిలో పెట్టండి, ఇంటికెళ్లిన వెంటనే ఫ్రిజ్‌లో. కారసేవు డబ్బాలో, పొట్లంలో వేస్తే పిండే మిగులుతుంది. నువ్వుల నూనె విమానంలో చేతి సంచిలోకి రానివ్వరు, పెట్టెలో వేయాలి. ఇటలీ సీసాల గతీ అదే. మా బావమరిది సీసా తేకపోవడానికి కారణం అదేనట, పెట్టెలో పగిలితే చొక్కాలు ఎర్రబడతాయని భయం.

కడలై మిఠాయి ఎక్కడ పెట్టినా పరవాలేదనుకున్నాం. మదురైలో కారు వెనక అద్దం దగ్గర, మిట్టమధ్యాహ్నం, మూడు గంటలు. హైదరాబాదులో విప్పి చూస్తే ఇరవై పొట్లాల్లోనూ గళ్లు లేవు, పొట్లానికో ఇటుక. మా ఆవిడ రోకలి తెచ్చి పగలగొట్టి వీధంతా పంచింది.